చుట్ట మానిన ఇల్లు

వాసన మళ్ళీ వచ్చింది.

కోడలు చిన్న గది గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో ఉతికిన కర్టెను. నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి. కారనీ. కళ్ళు మూసుకుని ఇంకోసారి గాలి పీల్చింది. కొత్త రంగు వాసన. సబ్బు వాసన. వెనిగరు పులుపు. వాటన్నిటికీ అడుగున, మంచం కింద నక్కిన పిల్లిలా, అదే. చుట్ట కంపు.

నిన్న సాయంత్రం లేదు. ఒట్టు, లేదు. నిన్న ఇదే గుమ్మంలో ఇలాగే నిలబడి గుండెల నిండా పీల్చి, అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పింది. "పోయిందక్కా. మొత్తం పోయింది. పిల్లని తెచ్చెయ్."

ఈపాటికి అక్క పిల్లతో బయల్దేరి ఉంటుంది.

"అత్తయ్యా! ఒక్కసారి ఇలా రండి!"

అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. "ఏమైందే? పామేమన్నా దూరిందా?"

"వాసన చూడండి."

అత్తగారు ముక్కు పైకెత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి, గట్టిగా ఎగపీల్చి పెదవి విరిచింది. "రంగు వాసనొస్తోంది. శుభ్రంగా ఉంది."

"చుట్ట వాసన రావడం లేదూ?"

"నన్నడుగుతావేమిటే తల్లీ! ఆయన పక్కన పడుకుని పడుకుని నా ముక్కు ఎప్పుడో చచ్చింది. పెళ్ళయిన కొత్తలో తెలిసేది. తర్వాత గాలంటేనే అలా ఉంటుందనుకున్నాను."

హాల్లో స్టూలెక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్న భర్తని పిలిచింది. అతను బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించే మనిషి. వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. పీల్చాడు. తల గోక్కున్నాడు.

"నాకు డీజిలు తప్ప ఇంకేం తెలుస్తుంది? నా చేతుల వాసనే నాకొస్తోంది."

ఇంతమందిలో ముక్కున్నది తనొక్కదానికేనా? లేకపోతే తనకే పిచ్చి పడుతోందా? పడినా ఆశ్చర్యం లేదు. ఈ మధ్య నిద్రలో కూడా గోడలే తుడుస్తోంది.

పిల్లకి ఊపిరాడక, పెదవులు నీలం తిరిగి, ఆసుపత్రికి ఎత్తుకుపోయిన రోజు నుంచీ ఇదే పని. చుట్ట ఆర్పేస్తే పొగ పోయిందనుకోకండి, అది గోడలకీ గుడ్డలకీ పట్టుకుని కూర్చుంటుంది, ఆ వాసన పోయేదాకా పిల్లని ఆ ఇంటికి తీసుకెళ్ళకండి అని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఆసుపత్రి నుంచి పిల్ల తిన్నగా అక్క ఇంటికే వెళ్ళింది. తల్లి మాత్రం బకెట్టు పట్టుకుంది.

ముందు ఏం తెలియక బజారు నుంచి సువాసనల స్ప్రే తెచ్చి కొట్టింది. ముసలాయన మీద మల్లెపూలు గుమ్మరించినట్టయింది ఇల్లు. తర్వాత ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. వేన్నీళ్ళలో వెనిగరు కలిపి గోడ తుడిస్తే తేనె రంగు నీళ్ళు ధారకట్టాయి, గోడకి కళ్ళున్నట్టు. బల్బు తుడిస్తే గది రెట్టింపు వెలిగింది. తివాచీ మీద తినే సోడా చల్లి, ఊడ్చి, మళ్ళీ చల్లింది. ప్రతి మూలా గిన్నెల్లో బొగ్గులు పెట్టింది. మొగుడు సెలవు పెట్టి రంగు వేశాడు. మామగారు పగలంతా కూర్చుని చుట్ట కాల్చే మెత్త కుర్చీని మాత్రం కడగలేమని తేల్చేసి, "అది ఇంట్లో ఉండకూడదు" అంది. ఆ ఇంట కాపురానికొచ్చాక ఆమె గట్టిగా అన్న మొదటి మాట అదే. కుర్చీ వెళ్ళిపోయింది. కాళ్ళు ఆనిన చోట నేల మీద నాలుగు మచ్చలు మిగిలాయి.

అన్నీ చేస్తే నిన్నటికి పోయింది. ఇవాళ వచ్చింది.

అంటే, రాత్రి ఎవరో కాల్చారు.

*

మామగారు బాల్కనీలో ముక్కాలిపీట మీద కూర్చున్నారు. కుర్చీ పోయాక ఆయనకి ఎక్కడ కూర్చున్నా పరాయి ఇంట్లో కూర్చున్నట్టే ఉంది. మోకాలి మీద ఆనించిన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఖాళీగానే దేన్నో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. పక్కన కిటికీ గట్టు మీద కళ్ళజోడు, సూది, దారపుండ.

పరుపులూ కుర్చీల మెత్తలూ కుట్టే దుకాణం నడిపిన మనిషి. దుకాణం మూసేశాక ఆ సూది మళ్ళీ ఈ వారంలోనే పెట్టెలోంచి బయటికి తీశారు. డాబా మీద కూర్చుని మనవరాలి ఊచల మంచానికి కొత్త పరుపు కుట్టారు. నిన్న రాత్రే తెచ్చి మంచంలో వేసి, నాలుగు మూలలూ నొక్కి చూసి, "మా పిచ్చుకకి" అన్నారు. అంతే అన్నారు. ఆ ఒక్క మాటకే కోడలికి కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు ఆ మనిషినే అడగాలి.

"మామయ్యా, ఒక మాట అడుగుతాను. కోప్పడకండి."

"అడుగమ్మా."

"రాత్రి మేమంతా పడుకున్నాక, చిన్న గదిలోకి వెళ్ళారా?"

"వెళ్ళాను. పరుపు మధ్యలో కుంగిందేమోనని చూసొచ్చాను."

"అక్కడ చాలాసేపున్నారా?"

మామగారు తలెత్తి చూశారు. ఆ చూపు ముందు కోడలు కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"కాల్చలేదమ్మా."

"నేనామాట అనలేదు మామయ్యా."

"అనలేదు. అడిగావు."

లోపల్నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే!"

"నువ్వు నోరు మూసుకో."

"మూసుకోవడానికి నా నోరేం చుట్టల పెట్టెనా, మూత వెయ్యడానికి? కోడలు ఏడుస్తూ గోడలు కడుగుతుంటే కడుపు తరుక్కుపోతోంది నాకు. కుక్కతోక వంకరని ఊరికే అన్నారా?"

"పిచ్చుకని ఆసుపత్రికి ఎత్తుకెళ్ళిన రోజు ఆర్పేసిందే ఆఖరు. ఆ తర్వాత ముట్టుకోలేదు."

"వాసనొస్తోంది మామయ్యా," అంది కోడలు. "నిన్న లేదు. ఇవాళ ఉంది. అక్క వచ్చేస్తోంది. బావగారికి బదిలీ అయింది, సామాన్లు కూడా సర్దేసుకున్నారు. దారిలో మన ఇంటికి వచ్చి చూస్తారు. వాసన లేకపోతే పిల్ల నా దగ్గర. ఉంటే వాళ్ళతో ఆ ఊరు. మళ్ళీ ఏడాదికి గానీ రారు. అలా అని నేనే ఒప్పుకున్నాను, నా నోటితో నేనే. నా పిల్ల నన్ను మర్చిపోతుంది మామయ్యా."

"నేను కాల్చలేదు."

కోడలు భర్త వైపు తిరిగింది. అతను తలుపుకి ఆనుకుని, ఫ్యాను తుడిచిన గుడ్డని చేతుల్లో మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు.

"మీరైనా మాట్లాడండి."

అతను మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

"నాన్నా, పోనీ ఒకటో అరో... పొరపాటున... అయితే అయింది. ఇప్పుడు చెప్పేస్తే ఏ మూల కాల్చావో ఆ మూల మళ్ళీ కడుక్కుంటాం. టైముంది."

మామగారు కొడుకుని చూసి నవ్వారు. నవ్వని చెప్పడానికి పెదవులు కదిలాయి, అంతే.

"మీ అమ్మ నమ్మకపోవడంలో న్యాయం ఉందిరా. దానికి ఎన్నిసార్లు ఒట్టేశానో, అన్నిసార్లూ తప్పాను. నీకెప్పుడూ ఒట్టెయ్యలేదే. నువ్వెందుకు నమ్మలేదు?"

కొడుకు గుడ్డ మడతపెట్టాడు.

కోడలు ఊరుకోవాల్సింది. తర్వాత రోజంతా అదే అనుకుంది, ఊరుకోవాల్సింది అని. కానీ కింద వీధిలో ఏదో కారు హారన్ మోగింది, అక్కేనేమోనని గుండె జారింది, ఆ జారడంలో నోరు కూడా జారింది.

"నిప్పు లేనిదే పొగ రాదు కదా మామయ్యా!"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

మామగారు మోకాళ్ళ మీద చేతులానించి లేచారు. మూలనున్న గొడుగు తీసుకున్నారు. కోడలి పక్కనుంచి వెళుతూ, ఆమెకి తగలకుండా భుజం కాస్త ఒదిగించుకున్నారు. ఆ ఒదగడం ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

"మామయ్యా..."

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు. తర్వాత అదీ లేదు.

"ఎక్కడికి పోతాడు?" అంది అత్తగారు. "వానలో రెండడుగులేసి తిరిగొస్తాడు. నాకు తెలీదా ఆయన సంగతి."

అలా అంటూనే పొయ్యి కట్టేసి, వెళ్ళి వీధి కిటికీ దగ్గర నిలబడింది. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

కిటికీ గట్టు మీద కళ్ళజోడు అలాగే ఉంది.

*

భర్త వెతకడానికి వెళతానన్నాడు. కోడలే వద్దంది. "అక్క వచ్చేవేళకి మీరు లేకపోతే ఇంట్లో గొడవైందని పసిగట్టేస్తుంది. ముందు గది సంగతి చూడండి."

సన్నగా జల్లు పడుతున్నా కిటికీలన్నీ తెరిచారు. భర్త బల్ల ఫ్యాను తెచ్చి, గదిలోని గాలి బయటికి పోయేలా దాని మొహం కిటికీ వైపు తిప్పి పెట్టాడు. కోడలు నిమ్మచెక్కతో తలుపు పిడి రుద్దింది, మంచం ఊచలు ఒక్కొక్కటే రుద్దింది. బొగ్గులు మార్చింది. తడి కర్టెను తడిదే కట్టేసింది. తల దించితే వాసన ఎక్కువైనట్టుంది, ఎత్తితే తగ్గినట్టుంది. వాన చెమ్మకేమో అనుకుంది. నేల మళ్ళీ తుడిచింది.

అక్క వచ్చేసింది.

కింద కారు మీద సామాన్లు తాళ్ళతో బిగించి ఉన్నాయి. బావగారు పైకి రాలేదు, కార్లోనే కూర్చున్నారు. అక్క ఒక భుజాన పిల్ల, ఇంకో భుజాన పిల్ల బట్టల సంచి వేసుకుని మెట్లెక్కి వచ్చింది. పిల్లకి కొత్త గౌను. బుగ్గలు వచ్చాయి. రెండు పిలకలు వేసి ఉన్నాయి. తల్లి దగ్గరున్నన్నాళ్ళూ ఆ జుట్టు పిలకలకి అందలేదు.

"రా నా తల్లీ, రా నా బంగారం!" కోడలు రెండు చేతులూ చాపింది.

పిల్ల చూసింది. తెలిసిన మొహమే అన్నట్టు చూసింది. చూసి, అక్క మెడలో మొహం దాచుకుంది.

"అమ్మా," అంది అక్క మెడలోకి.

"పెద్దమ్మ అనవే అంటే, ముందు సగం మింగేస్తోంది," అంది అక్క గబగబా. "నువ్వేం పట్టించుకోకు చెల్లీ. చిన్నపిల్ల." అలా అంటున్నప్పుడు అక్క మొహంలో ఓ వెలుగు వచ్చి పోయింది. దాన్ని అక్క దాచుకోవాలనే చూసింది, పాపం. చెల్లెలు కూడా చూడనట్టే ఉంది.

"కూర్చోమ్మా, టీ పెడతాను," అంది అత్తగారు.

"వద్దత్తయ్యగారూ, దారి చాలా ఉంది." అక్క హాలంతా కలియజూసింది. అక్క ముక్కు చిన్నప్పట్నుంచీ పేరుమోసిన ముక్కు. పాలు రేపు విరుగుతాయంటే ఇవాళే చెప్పేసేది. ఇప్పుడా ముక్కు హాలంతా నెమ్మదిగా తిరిగింది. "బాగుంది చెల్లీ. నిజం. ఇంత బాగుచేశావనుకోలేదు."

కోడలికి ఊపిరి తిరిగింది.

"పిల్ల గది చూపించు."

చిన్న గదిలో అక్క కిటికీ వైపు తిరిగిన ఫ్యానుని చూసింది. తడి కర్టెనుని చూసింది. "రంగు మరిదిగారే వేశారా? చక్కగా వేశారు," అంది. తర్వాత, "కిటికీ ఓసారి మూద్దామా?" అంది.

"గాలి ఆడదక్కా."

"ఓసారే."

భర్త కిటికీ మూశాడు. ఫ్యాను ఆపాడు. వాన చప్పుడు బయట మిగిలిపోయింది. నలుగురు పెద్దవాళ్ళు ఒక చిన్న గదిలో నిలబడి ఊపిరి పీల్చుకోవడం తప్ప ఏ పనీ లేనట్టు నిలబడ్డారు.

"ఉందే," అంది అక్క మెల్లిగా.

"అది బయట్నుంచక్కా."

"పక్కింటాయన కాలుస్తాడమ్మా," అంది అత్తగారు.

"డిపో బట్టలు ఇక్కడే తగిలించాను వదినా, దాని వాసన," అన్నాడు భర్త.

మూడు మాటలూ ఒక్కసారే వచ్చాయి. అక్క ముగ్గురి మొహాలూ చూసింది.

"ముగ్గురూ తలో పాటా పాడకండి. మావయ్యగారేరీ?"

భర్త ఫ్యాను తీగ చుట్టడం మొదలెట్టాడు.

"ఆయనేరీ అంటే మాట్లాడరేం?"

ఆ గొడవేదీ పిల్లకి పట్టలేదు. మంచం ఊచకి తాత కట్టిన చెక్క పిచ్చుక కనిపించింది. దానికోసం అక్క చంకలోంచి జారుతోంది. అక్క దించి మంచంలో పెట్టింది. పిల్ల పిచ్చుకని పట్టుకుని, రెండుసార్లు ఊపి, కారు ప్రయాణంలో అలసిపోయిందేమో, దాన్ని అలాగే పట్టుకుని బోర్లా పడుకుంది. బుగ్గ పరుపుకి ఆనించింది. నిద్రొస్తే ఎప్పుడూ చేసినట్టే ముక్కు లోపలికి గుచ్చి పడుకుంది.

కోడలికి ఆనందం ఆగలేదు. "చూశావా అక్కా, దాని చోటు దానికి తెలు..."

పిల్ల దగ్గింది.

ఆగింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి దగ్గు చివర ఆ ఈల వినిపించింది. ఆసుపత్రి రోజు విన్న ఈల.

కోడలు వంగి పిల్లని ఎత్తబోయింది. మొహం పరుపు దగ్గరికి వెళ్ళింది.

వాసన మొహాన కొట్టింది.

"తీసుకోండి! బయటికి! హాల్లో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళండి!" పిల్లని భర్త చేతుల్లో పెట్టి, దుప్పటి లాగేసింది. రబ్బరు షీటు లాగేసింది. వట్టి పరుపు మీద మొహం పెట్టి పీల్చింది. గోడ కాదు. కర్టెను కాదు. రాత్రి ఎవరూ కాల్చలేదు. నిన్న సాయంత్రం లేనిది ఇవాళ ఉందంటే, నిన్న రాత్రి ఈ గదిలోకి వచ్చింది ఒక్కటే.

మామగారి కుట్టు. గోరు దూరదు, అంత దగ్గరగా వేసిన కుట్టు. కోడలు కత్తెర తెచ్చి పొడిచి చీల్చింది. పైన తెల్లటి కొత్త దూది. దాని కింద టీ రంగు దూది. ఏకి, పొగలా తేలిగ్గా చేసిన దూది. మూత తీసిన పెట్టెలోంచి వచ్చినట్టు గుప్పుమంది కంపు.

అత్తగారు గుమ్మం పట్టుకుంది. "అయ్యో... అది కుర్చీలోది."

"ఏ కుర్చీ?"

"ఆయన కుర్చీయేనే. పారెయ్యమన్నావుగా. చెక్క పారేశారు. లోపలి దూది తీసి డాబా మీదే ఏకాడు."

"మీకు తెలుసా?"

"తెలుసు. కొత్త దూది పసిపిల్లల వీపుకి గట్టిగా ఉంటుందన్నాడు. ఉండలు కడుతుందట. ఏళ్ళ తరబడి ఒంటి బరువు పడి నలిగిన దూదే మెత్తనట. దుకాణంలో కూడా పసిపిల్లల పరుపులకి అలాగే చేసేవాడు, అడిగి మరీ చేయించుకునేవాళ్ళు. ఇంట్లో ఉన్న అన్నిట్లోకీ మెత్తటిది అదేనన్నాడు. ఏకితే దుమ్ము పోయింది, వాసన పోదనుకుంటామా? మా ఇద్దరికీ ముక్కుల్లేవు కదే!"

అత్తగారు కూలబడిపోయింది. ఇందాక కుక్కతోక అన్న నోటిని కొంగుతో మూసుకుంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో కోడలికి తెలిసింది. ఇల్లంతా కడిగి, గోడలు గీకి, చివరికి వాసనని తన చేతుల్తోనే దుప్పటి పరిచి, జోకొట్టి పడుకోబెట్టింది. పైగా ఆ మనిషిని అంత మాట అంది.

"వెళ్ళండి," అంది భర్తతో. "మామయ్యని వెతకండి. కళ్ళజోడు కూడా లేదు ఆయనకి."

*

కానీ భర్త చేతుల్లోంచి పిల్లని అక్క అప్పటికే తీసేసుకుంది. దగ్గు తగ్గింది. ఈల కూడా లేదు. అక్క పిల్ల వీపు నిమురుతోంది. సంచి భుజానికి వేసుకుని ఉంది.

"చెల్లీ, మేం వెళతాం."

"దొరికింది కదక్కా! ఇదే. దీన్ని బయట పారేస్తే అయిపోయింది."

"నిన్న కూడా అయిపోయిందనే చెప్పావు."

"నిన్న నిజంగానే లేదు."

"ఇవాళ పరుపు. రేపింకేదో. పక్కింటాయనట, డిపో బట్టలట. నేనెవర్ని నమ్మాలి చెప్పు?"

"నా పిల్ల అక్కా."

"నాదన్నానా? ఆ దగ్గుకి ఎవరి పిల్లో తెలుస్తుందా?" అక్క గొంతు పెరిగి, పిల్ల ఉలిక్కిపడితే మళ్ళీ తగ్గింది. "పిల్లల్లేనిది కాబట్టి లాక్కుపోతోందనుకుంటున్నావు. అనుకో."

"నేననలేదు."

"అనకపోతే ఏం, నీ మొహం చెప్తోందిగా."

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. చిన్నప్పుడు నాన్న పోయాక, బడి మానేసి తమ్ముళ్ళని ఎత్తుకు తిరిగింది ఈ చెల్లెలే. అక్క పై చదువులు చదివింది. పిల్లల్ని పెంచడం చేతనైంది తనకొక్కదానికేనని అప్పట్నుంచీ చెల్లెలికి లోపల ఓ గర్వం. ఇవాళ అది కూడా చిరిగిన పరుపులా బయటపడి ఉంది.

అప్పుడు భర్త నోరు విప్పాడు.

"వదినా. ఒక్కమాట." చేతిలో ఏమీ లేక రెండు చేతులూ తుడుచుకున్నాడు. "మీరూ ఉండండి ఈ రాత్రికి. పరుపు ఇప్పుడే దింపేస్తాను. ఆ గది తాళం వేస్తాను. పిల్ల హాల్లో పడుకుంటుంది, మీ పక్కనే. మీ ముక్కే మాకు ప్రమాణం. పొద్దున లేచి మీరేమంటే అదే. తీసుకెళతానంటే నేనే కారు దాకా ఎత్తుకొస్తాను."

అక్క పిల్ల పిలక సవరించింది.

"మా నాన్న అబద్ధమాడలేదు. ఆడాడని నేనే అన్నాను. అందుకే ఆయన ఇక్కడ లేడు."

"నిజంగా మానేశారా మావయ్యగారు?" అక్క అడిగింది అతన్ని కాదు. చెల్లెల్ని.

కోడలి రెండు పిడికిళ్ళలోనూ ఇంకా ఆ దూది ఉంది. మామగారు ఒదిగి పక్కనుంచి వెళ్ళిన భుజం గుర్తొచ్చింది. ఈ ఒక్క మాటైనా ఆయన తరఫున గట్టిగా చెప్పాలి.

"మానేశారక్కా. ఆ రోజు నుంచి ముట్టలేదు. నా బిడ్డ మీద ఒట్టు."

అక్క ఆ పిడికిళ్ళ వైపు చూసింది. "మీ బావ తిడతారు," అంది. "సరే. ఈ ఒక్క రాత్రికి." భుజం మీది సంచి పట్టీ జార్చి, చేత్తో పట్టుకుని, కింద పెట్టడానికి వంగింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి.

అడుగుల కన్నా ముందు అది వచ్చింది. తెరిచి ఉన్న వీధి తలుపులోంచి, తడి గాలితోపాటు. ఈసారి పాతది కాదు. పచ్చిది, ఘాటైనది, ఇప్పుడే ఆర్పినది. కూలబడిన అత్తగారు కూడా తలెత్తింది. ఆ చచ్చిన ముక్కుకి కూడా తెలిసింది.

మామగారు గుమ్మంలో నిలబడ్డారు. నిలువెల్లా తడిసి ఉన్నారు. గొడుగు విప్పకుండా చంకలోనే ఉంది. కళ్ళజోడు లేక, లోపల ఎవరున్నారో పోల్చుకోలేక కళ్ళు చికిలిస్తున్నారు.

"ఇప్పుడడుగమ్మా," అన్నారు. "ఇప్పుడైతే నమ్ముతావు. కాల్చాను."

దూది కోడలి వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా నేల మీద రాలుతోంది.

"తాతా!"

పిల్ల అరిచింది. ఇవాళ మొదటిసారి ఎవరి మెడలోనూ మొహం దాచుకోలేదు. అక్క చేతుల్లోంచి సగం బయటికి వాలి, రెండు చేతులూ గుమ్మం వైపు చాపింది. "తాతా! తాతా!"

ఆ గొంతు విని ఆయన చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వచ్చి, గాల్లో ఆగాయి. ఆయన వాటిని వెనక్కి లాక్కుని వీపు వెనక దాచుకున్నారు. ఒక మెట్టు కిందికి దిగారు. ఇంకో మెట్టు దిగారు.

పిల్ల ఏడుపందుకుంది. ఆ ఏడుపు చివర, చిన్నగా, దగ్గు.

వంగిన అక్క అలాగే ఉంది. చేతిలో సంచి ఇంకా నేలకి ఆనలేదు.